ఒంటి మీద గాయములు లేవు

మా పక్కింటి రైటర్ గారు మొన్న మంగళవారం పొద్దున కాలం చేశారు. పేపర్లో రెండు లైన్లు కూడా రాలేదు. అందుకే నేను రాస్తున్నాను. పోలీసు మనిషి గురించి మా జాలర్ల పాలెం ఆడది మంచి రాయడమేమిటని ఆశ్చర్యపోయేవాళ్లు పోవచ్చు.

స్టేషన్‌లో కూర్చుని రికార్డులు రాసే హెడ్ కానిస్టేబుల్‌ను మావైపు రైటర్ అంటారు. ఆయనది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే కుటుంబం. చేపల సంగతి బొత్తిగా తెలియదు. స్టేషన్‌లో ఎవరి మాటా ఊరికే నమ్మని మనిషి, మా అమ్మ ఖరీదైన వంజరమని ఏ చేప చేతిలో పెట్టినా నమ్మేసేవారు. అమ్మ దాన్ని బాగా వాడుకుంది కూడా.

మా పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మీదైనా అనుమానం వస్తే పోలీసులు ఇళ్ల మీదికి రాకూడదు. కాపులు, అంటే మా కులపెద్దలు, ఆ మనిషిని వెంటబెట్టుకెళ్లి అప్పగిస్తారు. అంతా నోటి మాట మీదే. కాగితం అడగడం చిన్నతనం. చాలా ఏళ్ల కిందట రొయ్యల గుంట దగ్గర నీటి మోటారు పోయిందని మా అన్నను అలాగే అప్పగించి వచ్చారు. తప్పు చేయనివాడికి భయమేమిటని మేమూ ఊరుకున్నాం. మూడో రోజు అన్నను ఆసుపత్రిలో చూశాం. మోటారు తీసింది వేరేవాళ్లని ఆ తర్వాత తేలింది.

"పడవ మీద నుంచి పడినాడంట. ఆ దెబ్బలతోనే వచ్చినాడు" అన్నాడు అప్పటి ఎస్సై. కాదని చూపించడానికి కాపుల చేతిలో ఏమీ లేదు.

ఆ ఆధారం, అప్పుడు ఆ స్టేషన్‌లోనే ఉన్న రైటర్ గారు రాసే డైరీలో ఉంది. "ఉదయం పది గంటలకు కాపులు ముగ్గురు తెచ్చి అప్పగించిరి. నడిచి వచ్చెను. ఒంటి మీద గాయములు లేవు." ఎవరొచ్చినా ఆయన అలా రాసుకునేవారు. "మనిషి లోపలికి ఎట్టొచ్చినాడో రాయకపోతే, బయటికి ఎందుకట్ట పోయినాడని ఎవురు అడగతారు?" అనేవారు. ఆ పేజీ చింపమని ఎస్సై అడిగితే, "పేజీకి నంబరుంది సార్, చింపితే చింపినట్టు తెలుస్తాది" అన్నారట. విచారణకు వచ్చిన పెద్ద అధికారి ముందు అదే చెప్పారు, తర్వాత కోర్టులోనూ అదే చెప్పారు. ఎస్సైకి శిక్ష పడింది. రైటర్ గారికి ఎక్కడో దూరాన తడ వైపు బదిలీ అయింది. అక్కడ తోటివాళ్లు ఆయనతో కలిసి టీ కూడా తాగేవారు కాదట.

రిటైరయ్యాక మా పక్కిల్లు అద్దెకు తీసుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం ఎంతో, కోపమూ అంతే. ఒకరోజు అడిగేశాను.

"మా అన్నను కొట్టేటప్పుడు మీరు ఆ పక్క గదిలోనే ఉండారు కదా సామీ. ఎందుకు ఆపలా?"

"అడ్డం పోయే ధైర్యం రాలేదు తల్లీ. రాసే ధైర్యం ఒక్కటే వచ్చింది. అది చాలదని నాకూ తెలుసు."

సాకు చెప్పి ఉంటే ఈ రాత రాసేదాన్ని కాదు. ఆ రోజు నుంచి ఆయన నాకు సొంత మనిషి అయ్యారు.

ఊళ్లోవాళ్లు ఫిర్యాదులు రాసిపెట్టమని వస్తే, "నేనెందుకు? మీరే పొండి, చెప్పండి, రాసింది చదివించుకోండి, రసీదు తెచ్చుకోండి" అని తరిమేవారు. మొదట్లో తిట్టుకుంటూ పోయారు. ఇప్పుడు మా ఆడవాళ్లు స్టేషన్‌లో కుర్చీ లాక్కుని కూర్చుంటున్నారు. కాపులు మనిషిని అప్పగించినా, డైరీలో ఎక్కేదాకా స్టేషన్ గడప దాటడం లేదు. కట్టుబాటు పోలేదు, దానికి కాగితం తోడైంది. ఇక ఎవరు వచ్చినా దీన్ని వెనక్కి తిప్పలేరు.

అన్న మాత్రం మారలేదు. ఖాకీ కనబడితే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతాడు. బుధవారం పాడె లేపేటప్పుడు ముందు నిలబడింది అతనే. ఎడమ చెయ్యి ఆనాటి నుంచి పైకి లేవదు, కుడి భుజం ఇచ్చాడు. రెండో పక్కకు, యూనిఫాంలో వచ్చిన ఇప్పటి కుర్ర ఎస్సై చేరాడు. అన్న చూశాడు, పక్కకు తప్పుకోలేదు. ఎస్సై బాగా పొడుగు, అన్న పొట్టి, పాడె ఒకవైపు ఒరిగింది. ఆ కుర్రాడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి, అన్న ఎత్తుకు దిగాడు. ఆ ఇసుక దారిలో, శ్మశానం దాకా, అట్లాగే వంగి నడిచాడు.