చిన్నమ్మ ఎవరి మాటా ఊరికే నమ్మేది కాదు

చిన్నమ్మ పోయిందని ఆమె కొడుకు చిత్తూరు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగింది, "ఎవరు చూసినారు? డాక్టరే చెప్పినాడా?" అని. "అచ్చం మా అమ్మ మాదిరే అడుగుతాండావు," అన్నాడు వాడు.

మా అమ్మకు చెల్లెలు ఆమె. చిత్తూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైంది. బస్సుకు చంద్రగిరి అని బోర్డున్నా కండక్టర్ని అడిగేది, ఆయన ఔనన్నాక డ్రైవర్ని అడిగేది. మామిడిపండు తొడిమ దగ్గర వాసన చూసి, అమ్మేవాడి మొహం కూడా ఒకసారి చూసేది. ఇంట్లో కంప్యూటర్లో అందరూ వాడే విండోస్ కాకుండా, లోపలేముందో ఎవరైనా తెరిచి చూడగలిగే లినక్స్ ఒక్కటే వాడేది. విండోస్ తనకు చెప్పకుండా లోపల ఏమేం చేస్తుందోనని అనుమానం. చుట్టాలు నవ్వుకునేవాళ్ళు.

పోయినేడాది నా పాత ల్యాప్‌టాప్ మొరాయించింది. దాంట్లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల్లో జాలరి ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసి లినక్స్ వైపు దాచుకున్నాను. వేరే కాపీ లేదు. వాళ్ళలో ఒక ముసలామె అప్పటికే చనిపోయింది. విండోస్ ఏదో అప్‌డేట్ వేసుకున్నాక, రెండింట్లో ఏది తెరవాలని అడిగే పట్టిక రావడం మానేసింది. నేరుగా విండోసే వస్తోంది. లినక్స్ భాగాన్ని తెరవబోతే ఫార్మాట్ చేయమంటోంది, అంటే అందులో ఉన్నదంతా తుడిచేయమని. తిరుపతిలో రిపేరు షాపతను చూసి, "ఆ భాగం పోయింది సార్, ఫార్మాట్ కొట్టేద్దాం," అన్నాడు.

చిన్నమ్మకు ఫోన్ చేశాను. "ఏమీ నొక్కొద్దు. మూసేసి ఈడికి తీసుకోని రా," అంది.

వెళ్ళగానే, "పోయిందని ఎవురు జెప్పినారు?" అని అడిగింది.

"విండోసే చూపిస్తాండాది గదా."

"దానికి లినక్స్ రాత చదివేది రాదు. తనకు రాకపోతే ఖాళీ అనేస్తాదా? ఒకరి సంగతి పక్కింటోళ్ళని అడగకూడదు నాయనా. వాళ్ళనే అడగాల."

పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్‌తో ల్యాప్‌టాప్‌ను లేపింది. నా ఫోల్డర్లన్నీ కనిపించాయి. నేను కుర్చీలోంచి లేచాను.

"కూర్చో. కనపడిందంతా ఉన్నట్టు కాదు," అంది. ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, ఒక్కొక్కటీ తెరిచి చూసింది. ఆ తర్వాతే సెటప్‌లోకి వెళ్ళి, ఆన్ చేయగానే ఏది ముందు తెరవాలో చెప్పే వరస మారిపోయి ఉంటే సరిచేసి లినక్స్‌ను ముందుకు తెచ్చింది. పట్టిక వచ్చింది. దాన్నీ నమ్మలేదు. ఆపి, మళ్ళీ లేపి చూసింది. ఆమెకు ఆ అనుమానమే లేకుంటే ఆ గొంతులు ఈరోజు నా దగ్గర ఉండేవి కావు.

చివరగా, వినపడుతుందో లేదోనని చనిపోయిన ఆ ముసలామె రికార్డు పెట్టింది. గాలి హోరులో ఆమె, వేటకు పోయిన మొగుడు తిరిగి రాని రోజు గురించి చెబుతోంది. చిన్నమ్మ కాస్త విని ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు. వంటింట్లో కుక్కర్ కూత వేసినా లేవలేదు. స్పీకరు దగ్గరికి వంగి విని, నా వైపు చూసింది.

"ఈమె అబద్ధం జెప్పలేదు," అంది మెల్లగా. మళ్ళీ వంగి, మాటలు అయిపోయి ఒట్టి గాలి హోరే మిగిలినా, అది ఆగేదాకా అట్లాగే ఉండిపోయింది.