ఎర్త్ గుంతకు పొయ్యని నీళ్లు

వైర్లు అతికించే సీసం కరిగేటప్పుడు లేచే పొగకు గుగ్గిలం వాసన ఉంటుంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం, నానక్‌రామ్‌గూడలోని మా పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఆ వాసన ముక్కుకు తగలగానే చేతిలో టీ కప్పు ఉన్న సంగతే మరిచిపోయాను. మా అమ్మాయి మేఘన విడిభాగాలుగా తెప్పించుకున్న గిటార్‌ను డైనింగ్ టేబుల్ మీద బిగిస్తోంది. లోపల డొల్లగా ఉండి, స్పీకరుకు కూడా తగిలించుకునే రకం. వైర్లన్నీ పొట్ట మీది సన్నటి రంధ్రంలోంచి దారం కట్టి లాగి, అతికించి, స్విచ్ వేసింది. తీగ మీటకముందే స్పీకరు గుర్రుమంది. తీగల మీద చెయ్యి పెట్టినా ఆగలేదు.

తీగల్ని పట్టుకునే ఇనుప కమ్మీ నుంచి లోపలికి ఒక ఎర్త్ వైరు వెళ్లాలి. పాట దాని గుండా పోదు కదా, ఎందుకులే అని వదిలేసిందట.

మా నాయినకు ఇదే ఊళ్లో మైకు సెట్టు ఉండేది. ఇప్పుడు మా టవరు మూడో బేస్‌మెంట్ ఎక్కడుందో సరిగ్గా దాని మీదే మా రేకుల కొట్టం ఉండేదని నేను అందరికీ చెబుతాను. నిజానికి నాలుగడుగులు అటో ఇటో. ఎండాకాలం పెళ్లిళ్లలో, బగారన్నం వాసన మీదుగా నాయిన లౌడ్‌స్పీకరు గొట్టంలో ఒకసారి దగ్గితే గచ్చిబౌలి గుట్టల్లో నెమళ్లు బదులు పలికేవి. దగ్గు సంగతి కొంచెం పెంచి చెప్పానేమో గానీ నెమళ్లు మాత్రం నిజం. తాటిముంజల కాలం వచ్చిందంటే ఆంప్లిఫయర్ పెట్టె అరుగు మీదికి వచ్చేది, నాయిన చెవికి బీడీ, చేతికి సోల్డరింగ్ కడ్డీ వచ్చేవి, నాకు చెంబు వచ్చేది.

ఆ చెంబుతోనే నా ఉద్యోగం. గోడ వారగా బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్త్ గుంత ఉండేది. పెట్టెలో కరెంటు దారి తప్పితే మనిషి మీదికి రాకుండా ఆ గుంతలోకి దిగిపోవాలని, దిగాలంటే నేల తడిగా ఉండాలని, ఎండితే గొట్టం గుర్రుమంటుందని నాయిన చెప్పేవాడు. పొద్దున రెండు చెంబులు, సాయంత్రం రెండు. పోసిన నీళ్లను ఆ నేల చప్పరించినట్టు బుస్సుమని తాగేది.

ఆ చప్పుడు విని నేనొక ముసలమ్మను పుట్టించాను. గుంత కింద కళ్లు లేని ముసలమ్మ ఉందని, మైకులో వచ్చే పాటలన్నీ ముందు ఆమె నమిలి చూసినవేనని, దాహమేస్తే గుర్రుమని మూలుగుతుందని వాడలో పిల్లలందరికీ చెప్పాను. ఎదురింటి లక్ష్మి మాత్రం నమ్మలేదు. "ఏదీ, మూలగమను జర," అంది.

నాకు పరువు ముఖ్యం కదా. మూడు రోజులు నీళ్లు పొయ్యలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం పిల్లలందరినీ అరుగు ముందు కూర్చోబెట్టాను. మర్నాటి పెళ్లికి సెట్టు సరిచూడ్డానికి నాయిన స్విచ్ వేశాడు. గొట్టం గుర్రుమంది. లక్ష్మి మొహం పాలిపోవడం చూసి నేను ఎంత మురిసిపోయానో. అప్పుడే నాయిన, ఎర్త్ ఉంది కదా అన్న ధీమాతో, ఎప్పటిలా పెట్టె మీద అరచెయ్యి వేశాడు.

పడిపోయాడు. పక్కింటాయన కర్రతో వైరు లాగేసేదాకా పెట్టె ఆయన చెయ్యి వదల్లేదు.

సాయంత్రం దవాఖాన నుంచి కట్టుతో వచ్చి, నేరుగా గుంత దగ్గరికి వెళ్లాడు. వంగి మట్టి ముట్టుకున్నాడు. నా వైపు చూశాడు. ఎడమ చేత్తో చెంబు తెచ్చి తనే నీళ్లు పోశాడు. ఏమైందని అడిగిన వాళ్లందరికీ ఎలుక వైరు కొరికిందని చెప్పాడు. నేను ఏడుస్తూ నోరు తెరవబోతే మెల్లగా అన్నాడు: "ఎలుకనే బిడ్డా. నీకు తెల్వదు, ఊకో."

ఇంటి నిండా అబద్ధాలు నావే. ఆయన ఆడింది ఆ ఒక్కటే. కుడిచేతి రెండు వేళ్లు కొక్కేల్లా వంగిపోయాయి, కడ్డీ పట్టుకోవడం కుదరలేదు. సెట్టు అమ్మేసి, ఊళ్లో లేస్తున్న కొత్త బిల్డింగులకు కాపలా ఉన్నాడు. పోయేదాకా ఎలుక మాట మీదే నిలబడ్డాడు. నేనూ నిలబడనిచ్చాను.

మొన్న ఆ గిటార్ కమ్మీ దగ్గర ఎర్త్ వైరు అతికించి, దారంతో లోపలికి లాగి, రెండో కొసను వాల్యూమ్ తిప్పే బిరడా వీపుకు అంటించాను. మేఘన తీగల మీద చెయ్యి వేసింది. గుర్రు ఆగిపోయింది. ఇది నీకెట్లా వచ్చని అడిగింది. తాత వేళ్లను గుట్టల్లో పులి నమిలిందని దాని చిన్నప్పుడు కథ చెప్పింది నేనే. ఇన్నేళ్లకు జరిగింది జరిగినట్టు, ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పాను. అది తల పంకించి విని, తీగ బిగించుకుంటూ, "పులి కథే బాగుంది మమ్మీ. ఇది మరీ సీరియస్‌గా ఉంది," అంది.

నేను మంచినీళ్ల బాటిల్ తీసుకుని లిఫ్టులో కిందికి దిగాను. మూడో బేస్‌మెంట్‌లో, కార్ల మధ్య, నంబరు వేసిన సిమెంటు మూత ఉంది: ఎర్త్ గుంత. బాటిల్ మూత తీస్తుంటే మా టవరు ఎలక్ట్రీషియన్ యాదయ్య వచ్చాడు. "దీనికి నీళ్లొద్దు మేడం. గిది కెమికల్‌ది, ఎండినా ఫికర్ లేదు," అన్నాడు.

అయినా పోశాను. నీళ్లు సిమెంటు మూత మీద ఒక్క క్షణం నిలిచి, ఎవరి కారు చక్రం కిందికో జారిపోయాయి. చెవి పెట్టి విన్నాను గానీ, ఏ చప్పుడూ రాలేదు.