మెట్టు మీద కరివేపాకు

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా ఊళ్ళో ఒకావిడకి పూనకం వచ్చేది. సరిగ్గా నాట్లు వేసే రోజుల్లోనే వచ్చేది, వంచిన నడుం ఎత్తకుండా పనిచేయాల్సిన రోజుల్లో. "దానికి పట్టిన దెయ్యానికి పంచాంగం కూడా తెలుసు" అనేది మా అమ్మ. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. తాయెత్తు కట్టుకోలేదు, ఎవరి చేతా మంత్రం వేయించుకోలేదు. ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. నమ్మకం లేకుండానే ఈ సంగతి చెబుతున్నాను, మీరేమనుకున్నా సరే.

తొంభైల మధ్యలో మాట. బహ్రెయిన్‌లో మీనా సల్మాన్ రేవు దగ్గర ఒక గోడౌన్‌లో నాన్న స్టోర్‌కీపరు. అమ్మ అక్కడే హిద్ అనే ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. నేను అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఉండి, తెలుగు మీడియంలో ఇంటర్ అయ్యాక వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

నాన్నకి వీసా ఇచ్చిన కఫీల్ మంచివాడు. తనకి తెలిసినవాళ్ళు నడిపే ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో నాకు సీటు ఇప్పించాడు. కాలేజీ అనగానే పెద్ద బిల్డింగు ఊహించుకోకండి. అదొక పాత విల్లా. హాల్లో లైబ్రరీ, పడకగదుల్లో క్లాసులు. కాలేజీ అంతా కలిసి ఒక్క బస్సు ఎక్కితే ఇంకా సీట్లు మిగిలేవి.

అక్కడి చదువు నాకు తెలిసిన చదువు కాదు. ఒకే సబ్జెక్టు పట్టుకుని కూర్చోవడం ఉండదు. పొద్దున లెక్కలు, తర్వాత చరిత్ర, మధ్యాహ్నం కవిత్వం, వారానికోసారి బొమ్మలు గీయడం. అన్నీ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటూ నేర్చుకోవాలి. నాన్నకి అది చదువులాగే అనిపించలేదు. "పప్పూ బెల్లం ఉప్పూ ఒకే గిన్నెలో పోసినట్టుంది" అనేవాడు. కఫీల్ మాట తీసెయ్యలేక పంపాడు.

నాకు మాత్రం ఆ చదువు ప్రాణమైపోయింది. లెక్కల్లో అందం ఉంటుందని గానీ, ఒక కవిత గురించి ఇద్దరు రెండు రకాలుగా చెప్పినా ఇద్దరివీ ఒప్పే కావచ్చని గానీ అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

అయితే ఆ కాలేజీకి ఒక పద్ధతి ఉండేది. మొదటి ఏడాది చివర ప్రతి స్టూడెంటూ అందరి ముందూ నిలబడి, తన ఇంటి నుంచి వచ్చిన ఏదైనా ఒక వస్తువు గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. అది గట్టెక్కితేనే రెండో ఏడాది. లేకపోతే ఖలాస్. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరుస్తానని నాన్న ముందే చెప్పేశాడు.

నాకేమో క్లాసులో నోరు పెగిలేది కాదు. అర్థం కాక కాదు, అర్థమైనదంతా గొంతులో అడ్డం పడేది. గుండ్రంగా కూర్చుంటే దాక్కోవడానికి వెనక బెంచీ కూడా ఉండదు కదా. ఎవరైనా నా వైపు చూస్తే చాలు, చెమటలు పట్టేవి. నా పక్కన కూర్చునే బహ్రెయిన్ అమ్మాయి మరియం నా బదులు తనే ఏదో ఒకటి చెప్పి నన్ను గట్టెక్కించేది. ఆఖరి రోజున మరియం కూడా ఏం చెయ్యగలదు?

మధ్యాహ్నం అందరూ లోపల కలిసి తినేవాళ్ళు. నేను క్యారేజీ పట్టుకుని విల్లా వెనక్కి పోయేదాన్ని. అక్కడ వాడకంలో లేని పాత వంటగది ఒకటి, తాళం వేసి ఉండేది. దాని మెట్టు మీద కాస్త నీడ. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని చోటు ఆ కాలేజీలో అదొక్కటే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ మెట్టుకి అవతలి చివర ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు వేసుకునే పొడుగు గౌను, తలకి గుడ్డ. నా క్యారేజీలోకి తొంగిచూసి, తెలుగులో, "పులుసులో కరివేపాకు వేసినట్టు లేదే మీ అమ్మ?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా వైపు యాస. ఏ ఊరండీ అనడిగితే "మాదీ ఆ గట్టునేలే" అంది. పేరు చెప్పలేదు. పెద్దవాళ్ళని పేరడిగే అలవాటు నాకూ లేదు. పిన్నిగారూ అని పిలిచాను. కాలేజీలో శుభ్రం చేసే మనిషి అనుకున్నాను. సిమెంటు కాలిపోతున్నా కాళ్ళకి చెప్పులు లేవు. పనిచేసేవాళ్ళ పాదాలు కదా, అలవాటై ఉంటుందనుకున్నాను.

నేను లేచేటప్పటికి ఆవిడ వంటగది వెనక్కి వెళ్ళి రెండు రెబ్బలు కరివేపాకు తెచ్చింది. చెయ్యి చాపితే ఇవ్వలేదు. మెట్టు మీద పెట్టింది.

"చేతికివ్వకూడదమ్మా, తగువొచ్చేత్తాది. తీసుకో" అంది.

మా ఇళ్ళల్లో ఉప్పు, మిరపకాయలు కూడా అంతే. చేతికివ్వరు, కింద పెడతారు, తీసుకోవాలి. అందుకని నాకు వింతగా అనిపించలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇచ్చినా మెట్టు మీదే పెట్టింది.

అమ్మ ఆ ఆకు నలిపి వాసన చూసి, "ఇది ఇక్కడి కొట్లో ఆకు కాదే. మన పెరట్లో ఆకు" అంది. ఆ రాత్రి నాన్న చారు రెండుసార్లు పోయించుకున్నాడు. మిగిలిన ఆకుతో అమ్మ పొడి కొట్టి సీసాలో పోసింది.

అప్పట్నుంచి రోజూ పిన్నిగారిది ఒకటే ప్రశ్న. "ఇయ్యాల ఏం చెప్పేరు మీ మేస్టర్లు? నాకు చదువు రాదు, నాకు తెలిసేలాగ చెప్పు." అన్నం తింటూ అన్నీ చెప్పేదాన్ని. బహ్రెయిన్‌లోనే ఆలీ అనే ఊరి వైపు నేలంతా గుట్టలు గుట్టలుగా ఉన్న పాతకాలపు సమాధుల గురించి చెప్పినప్పుడు ఆవిడ, "అంతమందిని ఇక్కడ పూడ్చేరు సరే, మరి బతికున్నప్పుడు ఆళ్ళంతా ఎక్కడున్నారో?" అంది. మర్నాడు అదే ప్రశ్న క్లాసులో అడిగాను. ఆ క్లాసులో నా గొంతు వినిపించడం అదే మొదలు. చరిత్ర మేడం కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంది.

ఆఖరి రోజున ఏ వస్తువు గురించి మాట్లాడాలో తోచడం లేదని ఆవిడకే చెప్పుకున్నాను. మెట్టు మీది రెబ్బ వైపు చూపించి, "దీని గురించి చెప్పు. ఇంతకన్నా ఇంట్లోంచొచ్చింది ఇంకేముంది?" అంది. ఇంగ్లీషులో ఆవిడ ముందే వల్లె వేసేదాన్ని. "ఇంగ్లీషు నాకు రాకపోయినా నీ మొహం చూత్తే తెలిసిపోతాదిలే" అనేది. తడబడినప్పుడల్లా ఒకటే మాట: "నిదానంగా చెప్పు. ఎవరు తరుముతున్నారు నిన్ను?"

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే వెనక్కి వెళ్ళాను. ఆవిడ లేదు. మెట్టు మీద మాత్రం ఒక గుప్పెడు రెబ్బలు, అప్పుడే కోసినట్టు పచ్చగా ఉన్నాయి. తీసుకుని హాల్లోకి వెళ్ళాను.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. చేతిలో రెబ్బ నలిగింది, వాసన వచ్చింది. నిదానంగా చెప్పు అనుకున్నాను. చెప్పాను. మా అమ్మ గురించి, పరాయి ఇళ్ళల్లో వండే ఆడవాళ్ళ గురించి, పని తీరాక పక్కన పెట్టేసే మనుషుల్ని మేము కూరలో కరివేపాకు అంటామని కూడా చెప్పాను. రెబ్బలు అందరికీ అందించాను. మరియం ఒక ఆకు నలిపి చేతులు మొహానికి పెట్టుకుంది. పెట్టుకుని, "అయితే మీరు దీన్ని తినకుండా పక్కన పెట్టేస్తారా?" అనడిగింది.

"పక్కన పెడతాం. కానీ ఇది లేకపోతే కూరనే పక్కన పెడతాం" అన్నాను. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. గట్టెక్కానని అప్పుడే తెలిసిపోయింది.

అమ్మ ఆ రోజు తెల్లారకుండానే లేచి బూరెలు వండి పంపింది. ఫలితం రాకముందే వండింది, అదీ అమ్మ ధైర్యం. మధ్యాహ్నం ఆ డబ్బా పట్టుకుని పరిగెత్తాను. మెట్టు మీద ఎవరూ లేరు. చెట్టు దగ్గర ఉందేమోనని మొదటిసారి వంటగది వెనక్కి వెళ్ళాను.

అక్కడ చెట్టు లేదు. రంపంతో కోసేసిన ఎండు మొద్దు ఒకటి ఉంది, నా మణికట్టంత లావు. దుమ్ము పట్టి తెల్లగా అయిపోయింది. గోటితో బెరడు గీకి వాసన చూశాను. ఏ వాసనా లేదు.

వాచ్‌మన్ గంగారాంని అడిగాను. ఆయనది జగిత్యాల వైపు. "తెలుగామెనా? ఈడ ఎవ్వరు లేరు బిడ్డా. ఊడ్సెటోళ్ళంత మొగోళ్ళే, కంపెనీ నుంచి వస్తరు. గా చెట్టు నేను దుబాయి వచ్చేసరికే మొద్దు" అన్నాడు. వాళ్ళ వైపు గల్ఫంతా దుబాయే. మరి ఇన్నాళ్ళూ నేను మాట్లాడింది ఎవరితో అంటే, ఆయన తెల్లబోయాడు. "నువ్వొక్కదానివే గోడకు పాఠం ఒప్పజెప్తున్నవనుకున్న. సదువుకునే పిల్లను ఎందుకు కదిలియ్యాలని అటు రాలే."

ఇది ఇల్లుగా ఉన్న రోజుల్లో ఆంధ్రా వైపు నుంచి వచ్చిన ఒకామె చాలా ఏళ్ళు ఇక్కడ వంట చేసిందని, పాలపొడి డబ్బాలో ఊరి నుంచి మొక్క తెచ్చి పెట్టుకుందని పాత వాచ్‌మన్ చెప్పగా విన్నాడట. తర్వాత ఆమె ఇంటికి పోయిందో, ఇంకేమైందో ఆయనకీ తెలియదు.

ఒట్టేసి చెబుతున్నాను, భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. పాసయ్యానని ఆవిడకి చెప్పుకోలేకపోయాను. బూరెలు మెట్టు మీదే పెట్టి వచ్చాను. మర్నాడు లేవు. పిల్లులు తినుంటాయి, ఆ ఊళ్ళో పిల్లులకేం తక్కువ లేదు.

ఎండదెబ్బ అనుకుందామా? మాట్లాడే దిక్కులేక నా మనసే ఒక మనిషిని కల్పించుకుందా? అది ఒప్పుకోవడానికి నాకే అభ్యంతరమూ లేదు. కానీ అమ్మ పొడి కొట్టిన ఆకు ఎక్కడిది? నాన్న రెండుసార్లు పోయించుకున్న చారులో వేసిందేమిటి? హాల్లో అంతమంది చేతులు మారిన రెబ్బలు ఏ చెట్టువి? ఒక్కసారి ఆవిడ చెయ్యి తాకి ఉంటే ఏదో ఒకటి తేలిపోయేది. ఆ ఆచారం అడ్డం వచ్చింది.

ఆ చలికాలం నాలుగు వానలు పడ్డాక గంగారాం నన్ను వెనక్కి పిలుచుకెళ్ళాడు. మొద్దు పక్కన నేలలోంచి చిన్న పిలక లేచింది. నలిపితే అదే వాసన. వేరు బతికుంటే ఎప్పుడైనా లేస్తుందని ఆయనన్నాడు, నిజమే కావచ్చు. అప్పట్నుంచి రోజూ దానికి నీళ్ళు పోశాడు. నా డిగ్రీ అయ్యేసరికి దాని పక్కన ఇంకో పిలక లేచింది. దాన్ని వేరుతో సహా తీసి ఇంటికి తెచ్చుకున్నాను. పాలపొడి డబ్బాలో వెళ్ళిన మొక్క పాలపొడి డబ్బాలోనే తిరిగొచ్చింది.

ఇప్పుడు కాకినాడలో పిల్లలకి చరిత్ర చెబుతున్నాను. నోరు విప్పని పిల్ల ప్రతి ఏడాదీ ఒకతి ఉంటుంది. నువ్వు నాకు తెలిసేలాగ చెప్పు అంటాను. కాసేపటికి చెబుతుంది.

పెరట్లో చెట్టు నా ఎత్తు దాటిపోయింది. ఇరుగుపొరుగు వాళ్ళు ఆకు కోసం వస్తే చేతికివ్వను, గుమ్మం మెట్టు మీద పెడతాను. చాదస్తమని నవ్వుతారు. ఆవిడెవరో, ఎందుకొచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. చేతికిస్తే తగువొస్తుందంది. మా ఇద్దరి మధ్యా ఏ తగువూ రాలేదు.