మగ్గం గుంటలో చెయ్యి

దయ్యాల పేరు చెప్పి ఒక్క నిమ్మకాయ కూడా దండగ చేసిన మనిషిని కాను నేను. రెండో తరగతితో చదువు ఆగిపోయింది గానీ, కంటికి కనిపించనిదాన్ని నమ్మే అలవాటు మాత్రం లేదు. మనవరాలు అడిగితే ఇన్నేళ్ళకు ఇది రాస్తున్నాను.

యుద్ధం రోజులవి. నా భర్త పోయాక, పసిపిల్లతో కన్నడసీమలోని నగర్తపేటలో తమ్ముడు నారాయణ దగ్గరే ఉండేదాన్ని. వాడు పట్టుచీరలు నేసేవాడు, నేను పట్టుదారం కండెలకు చుట్టేదాన్ని. మాది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి పలకలు తొక్కాలి.

నారాయణకు గంజాయి అలవాటైంది. కొన్నాళ్ళకు నిద్ర కరువైంది, తిండి పోయింది. "అక్కా, గుంటలో ఎవరో ఉండారు. నా కాలు పట్టుకుంటా ఉండారు" అని మగ్గం వదిలి పారిపోయేవాడు. గాలి సోకింది, తాయెత్తు కట్టించమన్నారు ఇరుగుపొరుగు. నేను వినలేదు. ఒక పొద్దున వాడు కత్తెరతో తన పాదాన్నే కోసుకోబోయాడు. అప్పటికప్పుడు జట్కా పిలిచి పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరు కన్నడంలో ఓపికగా చెప్పాడు. ఇదంతా గంజాయి పని, లోపలే ఉంచి చూడాలి, అది భ్రమేనని వాడికి తెలిసిన రోజు ఇంటికి పంపుతాం అన్నాడు. కాగితం మీద నా పేరు కూడబలుక్కుని రాసిచ్చాను.

సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మగ్గం మీద కూర్చోరు. అయినా పట్టు పాడవుతుందని మూడో రోజు మధ్యాహ్నం నేనే కూర్చున్నాను. దారం కండె పెట్టిన నాడె అటూ ఇటూ నాలుగుసార్లు విసిరానో లేదో, చల్లని చెయ్యి ఒకటి నా కుడిపాదం పట్టుకుంది. వేళ్ళు తడుముకుంటూ వచ్చి బొటనవేలి పక్కవేలి దగ్గర ఆగింది, మెట్టె కోసం వెతికినట్టు. భర్త పోయాక ఆ వేలికి మెట్టె లేదు. వంగి చూస్తే గుంటలో నా కాళ్ళు తప్ప ఏమీ లేవు.

ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఆసుపత్రికి చూడబోతే నారాయణ కాస్త తేటగా కనిపించాడు. నా పాదాల వైపే చూస్తూ మెల్లగా అడిగాడు.

"మెట్టె వేలు తడిమిందా అక్కా?"

వేలి మాట వాడు అంతకుముందు ఎన్నడూ అనలేదు. అవునంటే భ్రమ ముదురుతుంది, వాణ్ణి ఇక ఇంటికి పంపరు.

"ఏం లేదప్పా. అంతా ఆ పొగ పని" అన్నాను.

"అట్లయితే నాకే పిచ్చి పట్టిండాది" అని గోడవైపు తిరిగాడు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. తిండి కూడా మానేశాడు. ఏడాది తిరక్కుండా అక్కడే పోయాడు.

గంజాయి నేనెన్నడూ ముట్టలేదు. ఆ చెయ్యి ఎవరిదో, వేలి సంగతి వాడికెలా తెలిసిందో ఈ వయసుకూ నాకు అంతుబట్టలేదు. ఆ రోజు అవునని చెప్పి ఉంటే వాడు బతికేవాడేమో, అదీ తెలియదు.