గుండుతో విమానమెక్కిన మణి

మణిని సింగపూరు తీసుకెళ్ళాల్సి వచ్చింది మా అక్క ఉత్తరం వల్ల. అక్క అక్కడ ఆసుపత్రిలో నర్సు, మూడేళ్ళుగా ఒంటరిగా ఉంటోంది. "నువ్వేమీ తేవద్దు, నా మణిని మాత్రం తెచ్చియ్యి" అని రాసింది. కుక్క అక్కదే, కాదనను. కానీ ఈ మూడేళ్ళూ అది పడుకున్నది నా మంచం కింద. ఇవ్వడానికి ప్రాణం ఒప్పలేదు, ఇవ్వననడానికి నోరు రాలేదు.

పశువుల డాక్టరు సూది వేసి సర్టిఫికెట్టు రాశాడు: మధ్యరకం మగకుక్క, పదిహేను కిలోలు, గోధుమరంగు, నెత్తిన తెల్లమచ్చ. సింగపూరు నుంచి అనుమతి కాగితం మాత్రం ఎంతకీ రాలేదు. మా అమ్మ ఊరుకోక, అది వస్తే కొడుక్కీ కుక్కకీ గుండు కొట్టిస్తానని తిరుత్తణి స్వామికి మొక్కుకుంది. మరుసటి వారమే వచ్చింది!

బయల్దేరే రోజు పొద్దున ఐదున్నరకు, కొండ కింద గుండ్లు కొట్టే ఆయన నా తల నున్నగా చేసి, మణిని చూడగానే కత్తి కింద పెట్టేశాడు.

"కుక్కకి గుండు మా తాత కూడా కొట్టింది లేదమ్మా!"

"మొక్కుకున్నాక యాడికి పొయ్యేది నాయనా? నెత్తి వరకే కొట్టు, నేను పట్టుకుంటా" అంది అమ్మ.

తర్వాత ఇద్దరికీ చందనం పూసింది. మణి నా తలమీది చందనం నాకేసింది.

ఏడింటికి మద్రాసు బస్సు. విమానంలో మణి కోసం చేయించిన చెక్కపెట్టె బస్సు పైన, మణి నా కాళ్ళ దగ్గర. కండక్టరు రెండు టికెట్లు చింపాడు.

"కుక్కకి కూడానా అన్నా?"

"గుండు కొట్టించుకున్నాక మనిషి లెక్కేనప్పా!"

తిరువళ్ళూరులో బస్సు పది నిమిషాలు ఆగితే నేను రెండు ఇడ్లీలు తిన్నాను, అది నాలుగు తింది. పక్క సీటు పెద్దాయన దాని తల నిమిరి, "ఏం మొక్కు దీనికి?" అన్నాడు. విమానమెక్కాలని, అన్నాను. "మా వాడికి ఇంగా టౌను బస్సులోనే సీటు దొరకలే" అని నిట్టూర్చాడు.

మద్రాసులో ఇంకో బస్సు మారి, మధ్యాహ్నం ఒంటిగంటకు మీనంబాక్కం విమానాశ్రయం చేరాం. కాగితాలు చూసే ఆఫీసరుది పళ్ళిపట్టు వైపు, మన తెలుగే. సర్టిఫికెట్టు చదివి పెట్టెలోకి తొంగిచూశాడు.

"నెత్తిన తెల్లమచ్చ అని రాసుండాది. యాడయ్యా మచ్చ? ఇది వేరే కుక్క."

"మొక్కు సార్. గుండు కొట్టించినాము."

"అదంతా నాకు తెలీదు. పంపించేదానికి లేదు."

కౌంటరు మూయడానికి ఇరవై నిమిషాలుంది. నిజం చెబుతున్నాను, హాయిగా ఇద్దరం ఇంటికి పోవచ్చని ఒక మనసు గంతులేసింది. నోరు మూసుకుని నిలబడితే చాలు, మణి నాకే మిగులుతుంది. అక్క ఉత్తరం గుర్తొచ్చింది. పాస్‌పోర్టు తీసి ఆయన ముందు పెట్టాను. ఫొటోలో నా జుట్టు చెవులు దాటి ఉంది.

"సార్, ఇందులో ఉండేది నేనేనా?"

ఆయన ఫొటో చూశాడు, నా గుండు చూశాడు, మణి గుండు చూశాడు. "మనిషిని పంపించి కుక్కను ఆపితే బాగుండదులే" అని ముద్ర వేశాడు.

కొలంబోలో విమానం మారాలి. నా కుక్క ఎక్కిందా అని కనిపించిన వాళ్ళనల్లా వేపుకుతిన్నాను. ఒక సామాన్ల మనిషి జాలిపడి అద్దంలోంచి చూపించాడు. పెట్టెలో మణి హాయిగా నిద్రపోతోంది.

సింగపూరులో, బయటినుంచి వచ్చిన కుక్కల్ని నెల రోజులు విడిగా ఉంచుతారు. అంతకుముందు అక్కకు ఐదు నిమిషాలు చూపించారు.

"ఏమిరా, మీ ఇద్దరికీ ఏమైనాది?" అని నవ్వి, "మణీ" అంది.

అది మూలుగుతూ అక్క ఒళ్ళోకి ఎక్కేసింది. నావైపు తిరిగి చూడలేదు. అక్క ఏడుస్తుంటే సంతోషమే వేసింది. కుళ్ళూ వేసింది.

నా వెనక వెళ్ళేవాళ్ళకు ఒకే మాట: కాగితాలు ముందు, మొక్కులు తిరిగొచ్చాక. పది రోజులుండి ఒంటరిగా తిరుగు విమానం ఎక్కాను. భోజనంలో కోడి ముక్క వచ్చింది. సగం తిని, మిగతాది కాగితంలో చుట్టాను. పక్కన చిత్తూరు మనిషి చూస్తున్నాడు.

"ఎవరికి అన్నా అది?"

"మా కుక్కకి."

"యాడుండాది కుక్క?"

"సింగపూరులో."

ఆయన పొట్లం వైపు చెయ్యి చాపాడు. "అట్లయితే నాకియ్యన్నా, చల్లారిపోతాది."

ఇచ్చేశాను. ఆయన తింటుంటే కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.