మడత పెట్టిన చేతులు

చట్టం ప్రకారం వారానికో సెలవు ఉండాలి. పెళ్లిళ్ల కాలంలో ప్రొద్దుటూరులో నేను పనిచేసే చీరల కొట్టులో మాత్రం ఉండేది కాదు. ఒకరోజు లేబర్ ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని తెలిసి, ఓనరు నన్నూ, నాతో పనిచేసే రమణమ్మక్కనూ కొనేవాళ్లు కూర్చునే పరుపు మీద కూర్చోబెట్టాడు.

"ఈ పొద్దు మీకు సెలవు. మీరు చీరలు కొనేకి వచ్చినోళ్లు" అన్నాడు.

ఆఫీసరు మా పక్కనే కూర్చున్నాడు. ఓనరే చెమటలు కక్కుతూ చీరలు విప్పి చూపించాడు.

"అంచు బాగలేదప్పా, ఇంకోటి తియ్యి" అంది రమణమ్మక్క తాపీగా.

అంతలో ఆఫీసరు నన్ను అడిగాడు. "ఏమ్మా, కొనేకి వచ్చి నువ్వు మడతలు పెడతాండావేంది?"

చూసుకుంటే నా ఒళ్లో మడత పెట్టిన చీరల దొంతర.

"మా జమ్మలమడుగులో అంతే సార్" అంది రమణమ్మక్క. ఆఫీసరు నవ్వకుండా ఓనరుకు నోటీసు రాసిచ్చాడు.

ఆ వారం నుంచే సెలవు మొదలైంది. తొలి సెలవునాడు చీర కొందామని వేరే కొట్టుకు వెళ్లాను. వాళ్లు విప్పినవన్నీ మడత పెట్టి వచ్చాను.