తల లేని చేప

బావకి కోపం లేదు, సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క పిచ్చి. నాణెం కనపడితే చాలు, అది ఏ దేశానిదో తేల్చేదాకా తను కదలడు, పక్కవాణ్ణి కదలనివ్వడు. లాండ్రీ షాపు యజమాని అయ్యుండి, ఇస్త్రీపెట్టె కంటే భూతద్దాన్నే ఎక్కువసేపు పట్టుకుంటాడు కాబట్టి వీధిలోవాళ్లు ఆయనకి భూతద్దం అని పేరు పెట్టారు. అలా పిలిస్తే వెంటనే పలుకుతాడు. అసలు పేరుతో పిలిస్తేనే, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు.

ఈ సంగతి బావమరిదికి షాపులో చేరిన మొదటిరోజే తెలిసొచ్చింది. పనిచేస్తున్న కంపెనీ మూతపడితే, అక్క రమ్మంటే వచ్చి చేరాడు పాపం. నలభై ఏళ్లవాడు, లెక్క తెలిసినవాడు, నెమ్మదస్తుడు. ఆ రోజు కోట్లు ఉతుకుతున్న మెషిన్లో ఏదో టంగుమంది.

"ఆపు!" అని బావ పెట్టిన కేకకి, మెషిన్లో ఎవరి చెయ్యో ఇరుక్కుందనుకుని బావమరిది ఒక్క దూకులో స్విచ్చు ఆపాడు.

బావ సబ్బునీళ్లలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవి, ఒక నాణెం పైకి తీశాడు. చొక్కాకి తుడిచాడు. భూతద్దం పెట్టాడు.

"మధ్యలో చిల్లు. వరికంకి. అంచు నున్నగా ఉంది. జపాన్! ఐదు యెన్లు!"

"దాంతో ఏమొస్తుంది బావా?"

"అక్కడైతే పెద్దగా ఏమీ రాదు."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ అసలే రాదు," అని మురిసిపోతూ దాన్ని జేబులో వేసుకున్నాడు.

కోటు జేబుకి చిల్లు పడితే నాణెం అస్తరులోకి జారిపోతుంది. అక్కడే ఏళ్లతరబడి పడి ఉండి, ఎప్పుడో మెషిన్లో తిరిగేటప్పుడు బయటపడుతుంది. మెషిన్లో ఒకేసారి పది పన్నెండు కోట్లు తిరుగుతాయి కాబట్టి, అది ఎవరి కోటులోంచి రాలిందో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. అలాంటివన్నీ బావ ఒక బిస్కెట్ల డబ్బాలో దాస్తాడని అక్క చెప్పింది. డబ్బా మూత మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడట.

"నువ్వెలా భరిస్తున్నావే?" అన్నాడు తమ్ముడు.

"పెళ్లైన కొత్తలో నన్ను సినిమాకి తీసుకెళ్లి, టికెట్ల కిటికీలో ఇచ్చిన చిల్లర చూస్తూ ఇంటర్వెల్ దాకా బయటే నిలబడ్డారు. ఆ రోజే అలవాటైపోయింది."

అంతటితో ఆగితే బాగుండేది. కోటు పట్టుకుని వచ్చినవాళ్లని బావ అడిగే ప్రశ్నలు వింటే బావమరిదికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"కోటు రేపటికల్లా కావాలండీ," అన్నాడు ఒక పెద్దమనిషి.

"అలాగే. మీరెప్పుడైనా ఒంటె ఎక్కారా?"

"ఏమిటీ?"

"ఒంటె. రెండు మూపురాలున్నదైనా ఫరవాలేదు."

పళ్ల డాక్టరు వస్తే ఇంకా అన్యాయం. "మీకు చేపలు ఇష్టమా డాక్టరుగారూ?"

"ఇష్టమే."

"తలతోనా, తల లేకుండానా?"

ఈ చేప తల ప్రశ్న ఒక్కటే కనీసం పదిమందిని అడగడం బావమరిది చెవులారా విన్నాడు. ఒకావిడ తనని భోజనానికి పిలుస్తున్నాడనుకుని, ఆదివారం ఖాళీ లేదని మర్యాదగా చెప్పి వెళ్లింది. విదేశాలు తిరిగొచ్చినవాళ్లని పసిగట్టి, వాళ్ల దగ్గర చిల్లర గుంజుకోవడానికే ఈ తంటాలని బావమరిది తీర్మానించుకున్నాడు.

ఇలా ఉండగా ఆవిరి ప్రెస్సు చచ్చిపోయింది. ఒక హోటలువాళ్ల బల్లగుడ్డలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. మెకానిక్కు వచ్చి, మూత విప్పి చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దీనికి చెయ్యాల్సింది రిపేరు కాదండీ, సంతాపసభ."

శనివారానికల్లా బల్లగుడ్డలు మునుపటిలా అందకపోతే పని ఎదురు లాండ్రీకి ఇచ్చేస్తానని హోటలు మేనేజరు కబురు పెట్టాడు. ఎదురు లాండ్రీలో నిగనిగలాడే కొత్త ప్రెస్సు ఉంది. వాళ్లు బావమరిదిని కూడా రమ్మని పిలుస్తున్నారు.

సరిగ్గా అప్పుడే, కోటు తీసుకోవడానికి వచ్చిన నాణేల వ్యాపారి, బావ భూతద్దం కింద ఉన్న నాణేన్ని చూసి నోరు వెళ్లబెట్టాడు. ఐస్‌లాండ్ నాణెం. చేప బొమ్మ ఉంది. అచ్చు పక్కకి జరిగిపోయి చేపకి తల పడలేదు.

"అచ్చు తప్పిన నాణెం! ఇలాంటిది నేనింతవరకు చూడలేదు. మీ వెనకాల చచ్చి పడున్న ఆ యంత్రం ఉందే, అలాంటిది కొత్తది కొనిస్తాను. నాణెం నాకివ్వండి."

బావమరిదికి నెత్తిన పాలు పోసినట్టయింది.

"అమ్మను," అన్నాడు బావ.

"ఎందుకని?"

"ఇంకా తేలలేదు."

"నేను చెబుతున్నాగా, ఐస్‌లాండ్!"

"దేశం ఎప్పుడో తేలింది. మిగతాది తేలలేదు."

వ్యాపారి, మనసు మారితే శుక్రవారం నాలుగింటికి తన షాపుకి తెచ్చివ్వమని బావమరిది చెవిలో వేసి వెళ్లాడు. బావమరిది ఒంటికాలి మీద లేచాడు.

"శనివారంలోగా ప్రెస్సు రాకపోతే, సోమవారం నుంచి నేను ఎదురు లాండ్రీలో ఉంటాను బావా! ఆ తర్వాత నీ ఇష్టం."

"సరే," అన్నాడు బావ నిమ్మకు నీరెత్తినట్టు. "వాళ్ల మెషిన్లో ఏమైనా దొరికితే చెప్పు."

శుక్రవారం మధ్యాహ్నం బావ గుండీలు కొనడానికి బజారుకి వెళ్లాడు. బావమరిది బిస్కెట్ల డబ్బా దించాడు. నాణెం వ్యాపారికి ఇచ్చేసి, ప్రెస్సు తెప్పించి, బావకి తర్వాత నచ్చజెప్పుకోవచ్చని లెక్క వేసుకున్నాడు. ఇదంతా ఈ షాపు కోసం, అక్క కోసమేనని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

మూత తీస్తే లోపల నిండా చిన్న చిన్న కాగితం కవర్లు. సగానికి పైగా ఖాళీవే. ఒక్కోదాని మీద బావ చీమతలకాయంత అక్షరాలు.

"జపాన్, ఐదు యెన్లు. నీలం కోటు, ఓడరేవు గుమాస్తా. జేబు చిల్లు కుట్టి, అందులోనే పెట్టి పంపాను."

"ఈజిప్టు. ఒంటె మీద నుంచి పడ్డానని చెప్పిన పెద్దాయన. నడుము ఇంకా నొప్పేనట. జేబు కుట్టి పంపాను."

"డెన్మార్క్. పళ్ల డాక్టరు. అక్కడ సైకిలు పోగొట్టుకున్నాడట. సైకిలు మనవల్ల కాదు. నాణెం పెట్టి పంపాను."

బావమరిది మిగతా కవర్లు గబగబా తిరగేశాడు. అడుగున ఉన్న కవరులో నాణెం ఉంది.

"ఐస్‌లాండ్, తల లేని చేప. ఆ రోజు మెషిన్లో పదకొండు కోట్లు. పదిమందిని అడిగాను. ఒకడు నాదేనన్నాడు గానీ బొమ్మేమిటో చెప్పలేకపోయాడు. పదకొండోది ఆకుపచ్చ కోటు, చెక్క గుండీలు. ఆవిడ మళ్లీ రాలేదు. నాలుగేళ్లయింది. ఆవిడ తరఫున ఎవరైనా వస్తారేమోనని, వచ్చిన ప్రతివాళ్లనీ చేప సంగతి అడుగుతూనే ఉన్నాను."

బావమరిదికి నిజంగానే సిగ్గేసింది. అయినా ఎదురుగా చచ్చిన ప్రెస్సు కనిపిస్తోంది. ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని ఆవిడ కోసం అక్క ఎన్నాళ్లు ఇస్త్రీపెట్టెతో చేతులు కాల్చుకోవాలి? నాణెం చొక్కా జేబులో వేసుకుని, డబ్బా పైన పెట్టేసి గడియారం చూశాడు. మూడున్నర.

బయల్దేరబోతుంటే తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. పొడుగ్గా ఉంది. చేతిలో ఆకుపచ్చ కోటు. దానికి చెక్క గుండీలు.

"నేను స్కూల్లో సంగీతం టీచర్ని," అంది, అదేదో హెచ్చరికలాగా. "ఎదురు లాండ్రీవాడు నా ఇంకో కోటుని ఒకటో క్లాసు పిల్లకి సరిపోయేలా చేసిచ్చాడు. గతిలేక మీ దగ్గరికి వచ్చాను. జాగ్రత్త. ఇక్కడ నాకొకసారి ఒక వస్తువు పోయింది."

"ఏం పోయిందండీ?"

"మీకెందుకు? తీసినవాళ్లకి తెలుసు."

బావమరిది జేబు తడిమి చూసుకున్నాడు. గడియారం చూశాడు. ప్రెస్సు వైపు చూశాడు. ఆఖరికి ఆవిడ మొహంలోకి చూస్తూ, "మీకు చేపలు ఇష్టమా అండీ?" అన్నాడు.

"ఏమిటీ?"

"చేపలండీ. తలతోనా, తల లేకుండానా?"

ఆవిడ కోటుని బల్ల మీదికి దించింది.

"తల లేని చేప ఒకటి ఉండేది నా దగ్గర," అంది మెల్లగా. "మా తమ్ముడు ఓడలో పనిచేస్తాడు. మొదటి ప్రయాణంలో చిల్లరతో పాటు వచ్చిందట. 'అక్కా, దీనికీ నీలాగే తల లేదు, ఏది ఎక్కడ పెట్టావో మర్చిపోతావు' అని ఇచ్చాడు. వచ్చినప్పుడల్లా చేప ఏదని అడుగుతాడు. బ్యాంకు లాకర్లో దాచానని కోతలు కోస్తున్నాను. సోమవారం మళ్లీ వస్తున్నాడు. మీకెలా..."

బావమరిది చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. అప్పుడే, అంతా విన్నట్టు గుమ్మంలో గుండీల పొట్లంతో నిలబడి ఉన్న బావ కనిపించాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, లోపలికి వచ్చి కోటు అందుకున్నాడు.

"మా బావమరిది అందరినీ ఇలాగే అడుగుతాడండీ, ఏమీ అనుకోకండి. సోమవారం పొద్దున్నే కోటు తీసుకెళ్లండి."

ఆవిడ వెళ్లగానే బావమరిది విరుచుకుపడ్డాడు. "చేతికి ఇచ్చేస్తే పోయేదిగా!"

"చేతికిస్తే, నాలుగేళ్లుగా మనల్ని దొంగలనుకున్నందుకు ఆవిడ సిగ్గుపడాలి. కోటులో దొరికితే తన మతిమరుపుకి తనే నవ్వుకుంటుంది. సిగ్గు కంటే నవ్వు నయం కదరా."

"ఇన్నాళ్లూ మాకైనా చెప్పొచ్చుగా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. చేప సంగతి బయటికి పొక్కితే ఊళ్లో సగం మంది నాదంటే నాదని వస్తారు." బావ ఆగాడు. "అవునూ, డబ్బాలో ఉండాల్సిన చేప నీ జేబులో ఏం చేస్తోంది?"

బావమరిది నేల చూపులు చూశాడు. "తుడుద్దామని..."

"తుడిచావుగా. ఇటివ్వు," అన్నాడు బావ. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. జేబు చిల్లు కుట్టే పని మాత్రం బావమరిదికే అప్పజెప్పాడు. వాడు జన్మలో సూది పట్టినవాడు కాదు. అయినా ఆ రోజు ఎనిమిదిసార్లు విప్పి కుట్టాడు.

శనివారం ముగ్గురూ కలిసి బల్లగుడ్డలు చేత్తో ఇస్త్రీ చేశారు. మేనేజరు వచ్చి, అంచులు పట్టి చూసి, పెదవి విరిచి, మిగతా పనంతా ఎదురు లాండ్రీకి ఇచ్చేశాడు.

సోమవారం పొద్దున సంగీతం టీచరు కోటు తొడుక్కుని వెళ్లింది. రెండు నిమిషాల్లో పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చింది. అరచేతిలో చేప.

"జేబులోనే ఉందండీ! నా అంత మతిలేనిది ఇంకెవరైనా ఉంటారా? మీరే కాజేశారని స్కూల్లో అందరికీ చెప్పాను. ఒక్కళ్లని కూడా మీ షాపు గడప తొక్కనివ్వలేదు!"

"కోటు జేబులు లోతండీ," అన్నాడు బావ. బావమరిది నోరు తెరవబోయాడు గానీ, బావ వాడి కాలు తొక్కాడు.

ఆవిడ నవ్వుకుంటూ వెళ్లింది. సాయంత్రానికి స్కూలు వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది. పాటల బృందం గౌన్లు, మొత్తం అరవై. ఒక్కో గౌనుకి ముప్పై కుచ్చిళ్లు. శుక్రవారానికి కావాలని, ఇకమీదట స్కూలు బట్టలన్నీ ఇక్కడికేనని టీచరు రాసిన చీటీ. అక్క చీటీ చదివి తమ్ముడి వైపు చూసింది.

"ఒరేయ్, సోమవారం నుంచి ఎదురు లాండ్రీ అన్నావుగా. వాళ్లకి ప్రెస్సు ఉంది, హాయిగా ఉంటుంది. వెళ్తావా?"

బావమరిది గౌన్ల గుట్ట వైపు చూశాడు. పద్దెనిమిది వందల కుచ్చిళ్లు. ఏడుపొక్కటే తక్కువ.

"ముందు ఆ ఇస్త్రీపెట్టె వేడి చెయ్యక్కా," అంటూ చొక్కా చేతులు పైకి మడిచాడు.